ఇద్దరు టెనర్లు, ఒక పాత టేపు: హిస్ తీయాలా, ఉంచాలా?

టేపురీలు:
ఫ్రెంచ్ దర్శకుడు రోజే వదీమ్ సినిమా కోసం అమెరికన్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ బృందం 1959 జులై 27న న్యూయార్క్ నోలా పెంట్‌హౌస్ స్టూడియోలో వాయించిన టేపులు 2014లో ఫ్రెంచ్ జాజ్ నిర్వాహకుడు మార్సెల్ రొమానో దాచిన సామగ్రిలో బయటపడ్డాయి, 2017లో విడుదలయ్యాయి. టెనర్ శాక్సఫోన్ చార్లీ రౌజ్‌ది. కొన్ని ట్రాకుల్లో 22 ఏళ్ల బార్నీ విలెన్ కూడా రెండో టెనర్‌తో కలుస్తాడు. ఇలాంటి టేపు దొరికితే హిస్ (టేపు వెనక వినిపించే సన్నని రొద) మొత్తం తుడిచేయాలని ఇక్కడ కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. బాలడ్‌లో, అంటే నెమ్మది పాటలో, టెనర్ కింది స్వరాలను పెదవి వదులు చేసి, గాలి కలిపి ఊదుతారు. ఆ గాలి చప్పుడు, టేపు హిస్ రెండూ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి. మోనోలో, అంటే ఒకే చానల్ రికార్డింగులో, ఇద్దరు టెనర్లను వేరుచేసి పట్టించేది చాలాసార్లు ఆ ఊపిరే.

సవ్వడి:
ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్ల సంగతేంటండీ? అందులోని పనోనికా పాటలో మంక్ ఒంటరిగా వాయిస్తున్నప్పుడు స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలో హిస్ ముందుకొస్తుంది. పాట మొదలయ్యే ముందు అర సెకను నాయిస్ నమూనా తీసుకుని తగ్గిస్తే సరిపోతుంది కదా.

టేపురీలు:
సరిపోదు సవ్వడి గారూ. ఆ అర సెకనులో ఉన్నది ఖాళీ టేపు రొద మాత్రమే. స్వరంతోపాటు పెరిగే మాడ్యులేషన్ నాయిస్ ఆ నమూనాలోకి రాదు. దాన్నీ పట్టుకోవాలని జోరు పెంచితే డ్రమ్మర్ ఆర్ట్ టేలర్ బ్రష్‌ల గీతే ముందు పోతుంది, తర్వాత స్వరం చివర కీచుకీచులు మొదలవుతాయి. తీసేసిన భాగాన్ని విడిగా వినండి. అందులో రాగం ఛాయగానీ ఊపిరిగానీ వినబడిందంటే హద్దు దాటారన్నమాట. 3, 4 డెసిబెల్స్‌కి మించి నేనైతే తగ్గించను.

మంద్రం:
మీరిద్దరూ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోయారు. అసలు నష్టం అంతకుముందే జరుగుతుంది. అమెరికాలో నాబ్ ఈక్వలైజేషన్‌తో (పై, కింది ఫ్రీక్వెన్సీల మోతాదుకు అక్కడి ప్రమాణం) రికార్డయిన, సెకనుకు 15 అంగుళాల వేగం టేపును యూరప్‌లో అక్కడి ప్రమాణమైన ఐఈసీ సెట్టింగ్‌లో ఆడిస్తే పై ఫ్రీక్వెన్సీలు దాదాపు 3 డెసిబెల్స్ పడిపోతాయి. విలెన్ ఊపిరి అక్కడే సగం పోతుంది! తర్వాత అజిముత్, అంటే టేపును చదివే హెడ్ దాని మీద నిలిచే కోణం. ఫుల్‌ట్రాక్ (టేపు వెడల్పంతా ఒకే ట్రాక్) మోనో టేపును స్టీరియో హెడ్ మీద ఆడించి రెండు చానళ్లూ కలిపేస్తే, హెడ్ కొంచెం వాలి ఉన్నా పైస్థాయి మొద్దుబారుతుంది. బ్రష్ గీత ఎక్కడ పదునుగా వినిపిస్తే హెడ్‌ను ఆ కోణంలో బిగించండి. వేగం సరిచూడటానికి శాక్సఫోన్ పనికిరాదు, దాని శృతి ఊదేవాడి నోటిలో ఉంటుంది. పియానోనే నమ్మాలి.

ఇంకొక మాట, టేపును వేడిచేయమని ఎవరైనా చెబితే వినకండి. ఆ వైద్యం 70ల నుంచి వచ్చిన, జిగురు కారే పాలిస్టర్ టేపులకే. 50ల టేపుల్లో చాలావరకు అసిటేట్. రీలును దీపానికి అడ్డంపెడితే వెలుతురు కనబడుతుంది, వెనిగర్ వాసన కూడా వేయొచ్చు. వేడి తగిలితే పెళుసెక్కి విరుగుతుంది.

సవ్వడి:
అజిముత్ మాట ఒప్పుకుంటాను. కానీ అదే విడుదలలో లైట్ బ్లూ పాట సాధన 14 నిమిషాలుంది. టేలర్‌కి మంక్ దరువు ఎలా ఉండాలో చెబుతున్న మాటలు అర్థం కావాలిగా! అక్కడ గట్టిగా తగ్గించినా పోయేదేమీ లేదు.

టేపురీలు:
మాటలున్న చోట సరే, తగ్గించండి. వాళ్లు వాయిద్యం అందుకున్న క్షణంలో మాత్రం ఆపేయండి. ముందైతే ఏమీ ముట్టుకోని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ డిజిటల్ ప్రతిని పక్కన పెట్టండి. విడుదల ప్రతి ఎంత పాడైనా మళ్లీ చేసుకోవచ్చు. అసిటేట్ రీలు రెండోసారి ఆడుతుందన్న భరోసా లేదు.