ఫ్రెంచ్‌ల కంట్రీ పాటలు పాడే డి.ఎల్. మెనార్డ్ పాటల మీదనే బతికిండా? ఎర్కున్నోళ్లు చెప్పుండ్రి

మిర్యాలగూడ పోరడు:
అన్నలందరికి నమస్తే. నేను రైస్ మిల్లుల పన్జేస్త, రాత్రిపూట పాటలు రాస్త, మన యాసలనే, గిటార్ సుత కొంచెం కొంచెం వస్తది. మొన్న యూట్యూబ్‌ల పాత కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె పాటలు, ఇనుకుంట పోతుంటే ఒక ముసలాయన తగిలిండు, పేరు డి.ఎల్. మెనార్డ్ అని ఉంది, బాణి జూస్తే అచ్చం గా పెద్ద కంట్రీ సింగర్ హ్యాంక్ విలియమ్స్ లెక్కనే, ముక్కుల నుంచి లాగే ఆ గొంతు సుత గదే, కాని ఒక్క ముక్క ఇంగ్లీష్ లేదు. కింద కామెంట్లల్ల ఫ్రెంచ్ అంటుండ్రు. అమెరికాల పుట్టినోడు ఫ్రెంచ్‌ల కంట్రీ పాడుడేంది? ఇంకో వీడియోల అదే మనిషి కుర్చీలు చేస్తుండు.
నా అసలు బాధ ఏందంటే మా బావ ఒకటే పోరు, యాసల రాస్తే నకిరేకల్ దాటదు, సినిమా తెలుగుల రాయి లేకుంటే హిందీల రాయి అంటడు. నాకేమో మిల్లు బంజేసి పూర్తిగ పాటల మీద పడాలని ఉంది. గా మెనార్డ్ సంగతి జెర వివరంగ చెప్పుండ్రి, ఆయన బతుకు ఎట్ల నడిచింది?

హూస్టన్‌ల నల్లగొండోడు:
తమ్మీ మంచి మనిషిని పట్టినవ్. నేనుండే కాడి నుంచి ఐ-10 రోడ్డు పట్టుకుంటే మూడున్నర గంటలల్ల లఫాయెట్ వస్తది, లూసియానా రాష్ట్రం, గా చుట్టుపక్కలంత కేజన్లు. వీళ్ల పెద్దలు ఫ్రెంచోళ్లే, కెనడా తూర్పు సముద్రం ఒడ్డున ఉండేటోళ్లు, 1755 నుంచి బ్రిటిషోళ్లు అక్కడి నుంచి ఎళ్లగొడితే చెట్టుకొకడు పుట్టకొకడు అయి, కొందరు ఈ చిత్తడి నేలల్లకొచ్చి పడ్డరు. వరి, చెరుకు, చేపలు, రొయ్యలు, అదే బతుకు. ఇంట్ల ఫ్రెంచ్, దావత్‌ల ఫ్రెంచ్. 1921ల రాష్ట్ర రాజ్యాంగంల బడి చదువు ఇంగ్లీష్‌లనే అని రాసిండ్రు, గిప్పుడు చూడు తమాష, ఆరేడేండ్ల పోరగాళ్లు బడిల ఫ్రెంచ్ మాట్లాడితే దెబ్బలు, మోకాళ్ల మీద కూసోబెట్టుడు, ఇంక మాట్లాడ అని బోర్డు మీద వందసార్లు రాపిచ్చుడు. గా కాలంల పుట్టిండు మెనార్డ్, 1932ల, ఎరాత్ అనే చిన్న ఊర్ల, సేద్యం చేసే ఇల్లు. పదహారేండ్లకు కాటలాగ్‌ల చూసి పోస్టుల గిటార్ తెప్పిచ్చుకున్నడు, ఏడాది తిరిగేసరికి డ్యాన్స్ హాళ్లల్ల వాయిస్తుండు.
1951ల న్యూ ఐబీరియాల టెష్ క్లబ్ అని ఉండె, ఆడికి హ్యాంక్ విలియమ్స్ వచ్చి పాడిండు. మనోడు పోయి కలిసిండు, మాట్లాడిండు. ఏడాదిన్నరకు, 1953 జనవరి ఒకటిన, హ్యాంక్ కార్లనే పానం ఇడిసిండు, ఇరవై తొమ్మిదేండ్లు. గా కలుసుడు మెనార్డ్ బతుకంత చెప్పుకున్నడు. అందుకే ఆయనను కేజన్ హ్యాంక్ విలియమ్స్ అంటరు. కాని ఒకటి గమనించు, గొంతు హ్యాంక్‌ది పట్టుకున్నడు గని భాష మాత్రం ఇంటిదే ఉంచుకున్నడు.
ఆయనకు పేరు తెచ్చింది ఒక్క పాట, 1962 రికార్డు, పేరుకు అర్థం వెనక దర్వాజ. పెట్రోల్ బంకుల పన్జేస్తుండె అప్పుడు, బండ్లు వచ్చే మధ్య ఖాళీ టైంల కూసోని రాసిండు, గంటల అయిపోయింది అంటరు. కథేందంటే, పిల్లను తీస్కోని డ్యాన్స్‌కు పోయిండు, తాగి సోయి లేకుంట తెల్లారగట్ల ఇంటికొచ్చి వెనక దర్వాజల నుంచి దూరిండు. పైసలున్నప్పుడు దోస్తులు, పైసలు ఒడిస్తే ఎవ్వడు లేడు. ఆఖరికి లొల్లి పెట్టుకుంటే పోలీసోళ్లు పట్టుకపోతరు, జైలుకు సుత వెనక దర్వాజల నుంచే. నవ్వొస్తది తమ్మీ, మన కల్లు కాంపౌండ్ ముచ్చటే. ఇయ్యాల్టికి సుత ఆడ పెండ్లిల గాని రెస్టారెంట్‌ల గాని బ్యాండ్ ఉందంటే ఈ పాట పడాల్సిందే. నేను పోయినప్పుడు ముసలమ్మలు లేసి దుంకిండ్రు.

పాలమూరు బిడ్డ:
చరిత్ర మస్తు చెప్పినవ్ గని పిల్లోడు అడిగింది పైసల ముచ్చట కదనే. సీదా చెప్త. పాట అంత హిట్ అయినంక సుత మెనార్డ్ పాటల మీద బతకలే. బంకు పని, తర్వాత ఎరాత్‌ల సొంతంగ కుర్చీల దుకాణం, ఆష్ చెక్కతోని వెనక అడ్డపట్టీలుండే పాతకాలం కుర్చీలు, అమ్ముకోని ఏడుగురు పిల్లలను సాకిండు. శనివారం రాత్రి పాట, సోమవారం పొద్దుగాల లేతు మిషన్. పెద్ద పెద్ద గౌరవాలు తర్వాత వచ్చినయ్, 1994ల అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, సంగీతానికిచ్చే గ్రామీ అవార్డుకు నామినేషన్ సుత, దేశదేశాలు తిరిగిండు. అయినా కుర్చీలు చేసుడు బందు పెట్టలే. 2017ల పోయిండు, ఎనభై ఐదేండ్లు.
మన కాడ చూడు, మన నాగర్‌కర్నూల్ కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, తర్వాత మల్ల కట్టడం పనికి పోతుండని పేపర్లల్ల వచ్చింది. బిరుదు బువ్వ పెడ్తదా? మిల్లు బంజేస్త అంటున్నవ్, నీకు పెండ్లయిందా కాలేదా అది చెప్పు ముందు.

రిథమ్ సార్:
ఇద్దరూ ఆయన గిటార్ వాయించే చెయ్యి గురించి మాట్లాడలేదు. నేను జడ్చర్లలో గిటార్ నేర్పుతాను, అందుకే చెప్పాల్సి వస్తుంది. మెనార్డ్ సోలోలు వాయించేవాడు కాదు, రిథమ్ మాత్రమే, బేస్ తీగ ఒకటి కొట్టి తర్వాత కింది తీగల మీద స్ట్రోక్, బూమ్ చిక్ బూమ్ చిక్, గోడ లెక్క నిలబడతది. కేజన్ బ్యాండ్‌ల ముందు అకార్డియన్, ఫిడిల్, పక్కన ఇనుప ట్రయాంగిల్, ఆ ట్రయాంగిల్ పాతకాలంలో గడ్డి పోగుచేసే పనిముట్టు ఇనుప పండ్లు వంచి చేసుకునేవాళ్లు. అకార్డియన్ ఒక్క స్కేల్‌కే కట్టి ఉంటది కాబట్టి పాట ఆ స్వరాలలోనే ఉండాలి, కార్డ్స్ కూడా రెండు మూడే. ఇట్ల కట్టడి ఉన్నచోట మాటలు మోయాలి బరువంతా. తమ్ముడు, నువ్వు గిటార్ మీద పదికార్డులు నేర్చుకునే ముందు మూడు కార్డుల మీద డప్పు దరువు రాకుండా కంట్రీ స్ట్రోక్ పడుతుందో లేదో చూసుకో, మనవాళ్ల చేతికి ఆరు ఎనిమిది దరువు అలవాటై ఉంటది, కంట్రీకి అది సరిపోదు, నా దగ్గరికొచ్చే పిల్లలందరు అక్కడనే ఇరుక్కుంటారు. వాల్ట్జ్ అయితే తొందరగా పడుతుంది, మూడు లెక్కలే, కేజన్లకు వాల్ట్జ్ అంటే ప్రాణం.

మాంట్రియల్ మల్లేశ్:
కేజన్లే కాదన్నా, ఈడ కెనడాల ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్‌ల సుత ఫ్రెంచ్ కంట్రీ పెద్ద జాతర. విల్లీ లామోత్ అని ఒకాయన 1946ల గుర్రమెక్కి పాడుతున్న అనే పాటతోని మొదలువెట్టి, 1970లల్ల టీవీల సొంత షో నడిపిండు. పెద్ద చదువులోళ్లు మోటు సంగీతం అని ముక్కు ఇరిచేటోళ్లు, పల్లె జనం మాత్రం ఇడ్వలే. మా ఆఫీస్‌ల పెద్దమనుషులు ఇప్పటికీ చాటుగనే ఇంటరు, అడిగితే ఒప్పుకోరు.

మిర్యాలగూడ పోరడు:
అందరికి థాంక్స్. పెండ్లి కాలేదన్నా, మాటలు నడుస్తున్నయ్ అందుకే బావ గింత ఆత్రం. ఇంకో డౌటు, ఒక జానపద ఛానెలోళ్లు నా పాట ఒకటి అడుగుతుండ్రు, ఐదువేలు ఒకేసారి ఇస్తం, హక్కులన్నీ మావే అని కాగితం పంపిండ్రు. సంతకం పెట్టాల్నా? యాస గురించి సుత ఎవ్వరు తేల్చలే.

పాలమూరు బిడ్డ:
ఆగు ఆగు, సంతకం పెట్టకు. 2012ల కాపీరైట్ చట్టం మార్చిండ్రు, పాట రాసినోడికి, బాణి కట్టినోడికి రాయల్టీల వాటా ఉంటది, గా రాయల్టీ హక్కును రాసియ్యమన్నా చెల్లదు. పాటల రాయల్టీ వసూలు చేసి రాసినోళ్లకిచ్చే ఐపీఆర్ఎస్ అని సొసైటీ ఉంది, మెంబర్ కావొచ్చు. రచన, బాణి నీ పేరు మీద ఉండాలె అని కాగితంల రాపియ్యి, ఐదువేలు రికార్డింగ్ వరకే అని చెప్పు. ఒప్పుకోకుంటే నీ ఫోన్లనే రికార్డ్ చేసి నీ ఛానెల్ల పెట్టుకో.

హూస్టన్‌ల నల్లగొండోడు:
యాస సంగతి మీ బావకు నేను చెప్త నంబర్ ఇయ్యి. కేజన్ ఫ్రెంచ్‌ను పారిస్ ఫ్రెంచ్ ముందట ఎక్కిరిచ్చేటోళ్లు, కేజన్లే సుత మాది సరైన ఫ్రెంచ్ కాదు అని సిగ్గుపడేటోళ్లు, బడిల తిన్న దెబ్బల పుణ్యం. 1968ల రాష్ట్రమే మల్ల ఫ్రెంచ్ కోసం ఒక సంస్థ పెట్టాల్సొచ్చింది. మెనార్డ్ మాత్రం వాళ్లమ్మ మాట్లాడినట్లనే పాడిండు, గది ఫ్రాన్స్ దాక పోయింది. నకిరేకల్ దాటదా?

రిథమ్ సార్:
పాట లింక్ పెట్టు బాబు, మాటలు తర్వాత. ఆదివారం జడ్చర్ల వస్తే స్ట్రోక్ సరిచేస్తా, ఫీజు వద్దు.

మిర్యాలగూడ పోరడు:
ఆదివారం మిల్లుల రెండో షిఫ్ట్ సార్, పై వారం వస్త. లింక్ రాత్రికి పెడ్త, జి స్కేల్‌ల ఉంది, మా ఊరి సాగర్ కాల్వ మీద రాసిన.