‘ఆరంభింపరు’ పద్యంలో దెబ్బ తిన్నది ఎవరు?

ప్రశ్న

మా సంస్థను ఈమధ్య మరో సంస్థలో కలిపేశారు. కొత్త పద్ధతులు, కొత్త పై అధికారులు. ఈ గందరగోళంలోనే మా విభాగం బాధ్యత నా నెత్తిన పెట్టారు. మార్పుల కాలంలో నాయకత్వం గురించి చెప్పడానికి వచ్చిన శిక్షకుడు తెర మీద ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం వేసి చదివించాడు. చివరి పాదంలో ‘ఉజ్జగింపరు’ అని ఉంటే, నా పక్కన కూర్చున్నాయన అది అచ్చుతప్పు, ‘బుజ్జగింపరు’ అని ఉండాలి అన్నారు. ఏది సరైనది? ‘ప్రారబ్ధార్థము’ అంటే నుదుటి రాతా? అన్నిటికంటే ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. భయపడి ఆగిపోయినవాణ్ణి నీచుడనడం న్యాయమేనా? మా వాళ్లలో సగం మంది భయపడుతూనే ఉన్నారు. వాళ్ల ఎదుట ఈ పద్యం చదవడానికి నాకు నోరు రాలేదు.

జవాబు

ముందు పద్యం మొత్తం చూద్దాం. ముక్కలుగా చూస్తే దీనికి అన్యాయం జరుగుతుంది.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

భర్తృహరి నీతిశతకంలోని శ్లోకానికి 18వ శతాబ్దపు కవి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు ఇది. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా భర్తృహరిని తెనిగించారు కానీ, బడి పుస్తకాల పుణ్యమా అని జనం నోట నిలిచింది లక్ష్మణకవి శార్దూలమే.

‘ఉజ్జగింపరు’ సరైనదే. ఉజ్జగించడం అంటే విడిచిపెట్టడం. ‘ప్రారబ్ధార్థములు’, ‘ఉజ్జగింపరు’ కలిసి ‘లుజ్జగింపరు’ అయ్యాయి. మీ పక్కనాయన సవరణలో ఒక తమాషా ఉంది. ‘ప్రారబ్ధార్థము బుజ్జగింపరు’ అన్నా గణం చెడదు, యతిప్రాసలు చెడవు, అందుకే చెవికి తప్పు తెలియదు. అర్థం మాత్రం గంగలో కలుస్తుంది. మొదలుపెట్టిన పనిని ధీరులు బుజ్జగించరట!

‘ప్రారబ్ధం’ మాటకొస్తే, ఆరంభానికీ దానికీ ధాతువు ఒకటే. ప్రారబ్ధం అంటే మొదలైనది, అంతే. వేదాంతులు కర్మను సంచితం, ఆగామి, ప్రారబ్ధం అని విడదీసి, ఫలం ఇవ్వడం మొదలుపెట్టిన కర్మకు ప్రారబ్ధం అని పేరు పెట్టారు. ఆ ‘కర్మ’ అన్న మాట జారిపోయి, ‘అంతా నా ప్రారబ్ధం’ అని తల కొట్టుకునే దాకా వచ్చాం. పద్యంలో ఆ ఏడుపు లేదు. మొదటి పాదంలో ‘ఆరంభింపరు’ అని ఎత్తుకున్న ధాతువునే చివరి పాదంలో ‘ప్రారబ్ధ’ అని మళ్లీ పలికించాడు కవి.

ఇక మీ అసలు సందేహం. ‘నీచ’ అన్న మాట ఈనాడు తిట్టు. ఇక్కడ అది నీచ, మధ్యమ, ఉత్తమ అనే మెట్లలో కింది మెట్టు. అయినా చదువుతుంటే గుచ్చుకుంటుంది, కాదనను. మనుషుల ఎదుట ఈ పద్యాన్ని వరుసగా చదివేసి వదిలేస్తే, వినేవాళ్లు తమను మొదటి పాదంలో వెతుక్కుంటారు. మీరు చదవకుండా ఊరుకున్నది మంచి పనే.

ఇప్పుడు ఒక్కో పాదంలో విఘ్నం ఏం చేస్తున్నదో చూడండి. మొదటి పాదంలో అది ఇంకా రానే లేదు. విఘ్నాల వల్ల కలగబోయే ఆయాసాన్ని తలచుకుని సంత్రస్తులయ్యారు, అంటే హడలిపోయారు. యతి కూడా ‘ఆరంభింపరు’లోని ‘ఆ’కు, విఘ్నం వెనక ఉన్న ‘ఆయాస’లోని ‘ఆ’కు కుదిరింది. రెండో పాదాన్ని చాలామంది ‘రురు’ అని ఒక మాటలా చదివేస్తారు. అది ‘పరిత్యజింతురు’, ‘ఉరువిఘ్న’. ఉరు అంటే పెద్ద. సంస్కృత శ్లోకంలో మధ్యములు ‘విఘ్నవిహతా’, విఘ్నం చేత కొట్టబడినవారు. అక్కడ ‘పెద్ద’ లేదు. లక్ష్మణకవి ఆ విశేషణం తగిలించి వాళ్ల మీద కాస్త జాలి చూపించాడనిపిస్తుంది. చిన్నాచితకా ఇబ్బందికి ఆగిపోయినవాళ్లు కారు పాపం, వచ్చింది పెద్దదే.

అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి చేశాడు. మధ్యముల మీద నుంచి ఆ ‘విహత’ను, ఆ దెబ్బను, తీసేశాడు. దాని చోట ‘ఆయత్తులై’ అన్నాడు. ఆయత్తుడంటే ఒకరికి లోబడినవాడు, ఒకరి చెప్పుచేతల్లో ఉన్నవాడు. మధ్యములు విఘ్నానికి వశమైపోయారు. మరి దెబ్బ ఎవరికి తగిలింది? మూడో పాదంలో ధీరులకు. ‘నిహన్యమానులగుచున్’, అంటే కొట్టబడుతూ ఉన్నవారై. ఒకసారి తగిలి మానిపోయిన దెబ్బ కాదు, పద్యం చదువుతున్నంతసేపూ పడుతూనే ఉంది. సంస్కృతంలో మధ్యములూ ఉత్తములూ ఇద్దరూ దెబ్బలు తిన్నవారే. తెలుగులో మొదటివాడు హడలిపోతాడు, రెండోవాడు లొంగిపోతాడు, నిజంగా దెబ్బలు తినేది ఒక్క మూడోవాడు. ఆపదల్లో చెక్కుచెదరని వీరుడి బొమ్మ గీయడానికి ఈ పద్యాన్ని వాడేవాళ్లు ఈ పాదం చదవరేమోనని నా అనుమానం.

మీ బృందానికి ఏదైనా చెప్పదలచుకుంటే ఈ మూడో పాదం నుంచి మొదలుపెట్టండి.

మరొకరి మాట

వివరణ బాగుంది, కానీ ఒక అభ్యంతరం. మొదలుపెట్టిన ప్రతి పనినీ పట్టుకు వేలాడటం గొప్పతనం ఎలా అవుతుంది? రెండు సంస్థలు కలిసినప్పుడు పాత పనుల్లో సగం వదిలేయాల్సిందే. వదలనివాడిని మొండివాడంటారు, ధీరుడనరు.

జవాబు

అందుకే కవి చివర ‘ప్రజ్ఞానిధుల్ గావునన్’ అన్నాడు. ఇదీ శ్లోకంలో లేదు, అక్కడ ‘ఉత్తమజనా’ అని ఊరుకున్నారు. పాదం నింపడానికి వేసిన మాటలని కొట్టిపారేయవచ్చు, శతక పద్యాల్లో అలాంటివి కొల్లలు. కానీ ఇక్కడ ‘కావునన్’ అని కారణం చెబుతున్నాడు. వదలకపోవడానికి కారణం పౌరుషం కాదట, ప్రజ్ఞట. ‘ప్రారబ్ధార్థము’లో ‘అర్థము’ను టీకాకారులు ‘కార్యము’ అంటారు. నేను ‘ప్రయోజనము’ అని చదువుకుంటాను. దారి మార్చినా, పనిముట్లు మార్చినా ప్రయోజనం విడవకపోతే ‘ఉజ్జగింపరు’ కిందే లెక్క.

గిడుగు రామమూర్తి పంతులు గారిని చూడండి. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలనుకుని నేర్చుకున్నారు. ఆ అడవుల్లో తిరుగుతూ జ్వరాల పాలై, వాడిన క్వినైను వల్ల చెవులు పోగొట్టుకున్నారు. ‘నిహన్యమానులగుచున్’కు ఇంతకంటే టీక ఏం కావాలి? 1906-07 ప్రాంతంలో పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగాక, ఆయన దృష్టి వాడుక భాష మీదికి మళ్లింది. సవర పిల్లవాడి విషయంలో పట్టుకున్న ప్రయోజనమే తెలుగు పిల్లవాడికీ వర్తించింది: చదువు తెలిసిన భాషలో సాగాలి.

అక్కడి నుంచి ఆయన పట్టిన దారులు లెక్కపెట్టండి. ప్రభుత్వానికి విన్నవించారు. స్కూలు ఫైనలు వ్యాసరచనను వాడుక భాషలోనూ రాయవచ్చునని వచ్చిన అనుమతి, జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దల వ్యతిరేకతతో వెనక్కి పోయింది. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు, ఏడాదికే ఆగిపోయింది. పత్రికను వదిలేశారు, వాదాన్ని వదల్లేదు. గ్రాంథికవాదుల రచనల్లోంచే వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఏరి వాళ్ల ముందే పరిచారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాట్లాడి ఒప్పించారు. అరవై దాటిన మనిషి, ఎదుటివాళ్ల కేకలు కూడా సరిగా వినబడని మనిషి! (వినబడకపోవడం ఆ సభల్లో కొంత మేలే చేసి ఉంటుందని నాకో కొంటె ఆలోచన.) సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే, అన్నేళ్ల ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఊరు కూడా వదులుకోవలసిన వాటిలో చేరింది.

మీరన్న మొండివాడు వీటిలో మొదటిదాని దగ్గరే, ఆ అనుమతి కాగితం పట్టుకునే, కూర్చుండిపోయేవాడు.

ఇంకొకరి మాట

ఇదంతా సరే, మన తెలుగువాళ్లకు ఆరంభశూరులని పేరుంది కదా. వాళ్లది రెండో పాదమా?

జవాబు

కాదు. రెండో పాదంలోకి రావాలన్నా పెద్ద విఘ్నం ఎదురుకావాలి, దానికి లొంగాలి. ఆరంభశూరుడికి విఘ్నంతో పనేముంది? కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి, మర్నాటికి తానే మరిచిపోతాడు. అతనికి లక్ష్మణకవి పాదం కేటాయించలేదు. శార్దూలానికి ఉన్నవి నాలుగే పాదాలు మరి.