స్టార్‌డ్యూ వ్యాలీలో చేపలు పట్టకుండా గడవదా?

మందులకొట్టు_పర్లాకిమిడి:
మాది పర్లాకిమిడి. పగలంతా కౌంటరు దగ్గర నిలబడి ఒకరికి ఒడియాలో, ఇంకొకరికి తెలుగులో ఏ బిళ్ల తిండికి ముందో ఏది తర్వాతో చెప్పి చెప్పి, రాత్రి షట్టర్ దించాక ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఈ పల్లెటూరి సేద్యం ఆట తెరుస్తాను. మొక్కలకు నీళ్లు పోయడం, కోళ్లను చూసుకోవడం, అడవిలో ఏరుకు తిరగడం, అన్నీ హాయిగానే ఉన్నాయి. ఆటలో వసంతం రెండో రోజు ఆ జాలరి విల్లీ పిలిచి వెదురు గేలం చేతికిచ్చిన దగ్గర్నుంచి నా ప్రాణానికొచ్చింది.

చేప తగలగానే నిలువుగా ఒక పెట్టె వస్తుంది కదా. అందులో చేప బొమ్మ గెంతుతుంటే ఆకుపచ్చ పట్టీని దాని మీదే ఉంచాలట. వేలు నొక్కితే పట్టీ లేస్తుంది, తీస్తే జారుతుంది. నేను నొక్కేసరికి చేప కింద ఉంటుంది, వదిలేసరికి పైకి పోతుంది. పక్కన ఉన్న గీత తరిగిపోతూ ఉంటే గుండె దడ. సరిగ్గా అప్పుడే మందుల ఏజెన్సీవాళ్ల వాట్సాప్ మెసేజ్ పైనుంచి దిగి ఆ పెట్టె మీద కూర్చుంటుంది!

మా మావయ్యగారు ఆదివారాలు మహేంద్రతనయ ఒడ్డున గేలం వేస్తారు. నెమలి ఈక బెండు, పిండి ముద్ద ఎర. బెండు సన్నగా వణికినా ఆయన కదలరు, "రుచి చూస్తోంది, ఉండు" అంటారు. అది బుడుంగున మునిగాక మణికట్టుతో ఒక్క విసురు, అంతే. మొన్న నా ఫోన్‌లోకి తొంగి చూసి "చేపని పడుతున్నావా అమ్మా, దాంతో కుస్తీ పడుతున్నావా?" అన్నారు. ఏం చెప్పను?

పోనీ వదిలేద్దామంటే, ఆటలో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్ బాగుచేయాలి, అందులో ఫిష్ ట్యాంక్ అనే గదికి అడిగిన చేపలు ఇవ్వాలి. వాన పడితేనే క్యాట్‌ఫిష్. పఫర్‌ఫిష్ అయితే వేసవిలో, ఎండ కాసే రోజున, మధ్యాహ్నం 12 నుంచి 4 లోపే. ఆటలో పది నిమిషాలంటే బయట ఏడు సెకన్లు. ఇది విశ్రాంతా, పరీక్ష హాలా? ఆటను మార్చే మాడ్ వేసుకోమని మాత్రం చెప్పకండి, నా దగ్గర ఉన్నది ఫోన్ ఒక్కటే. ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి.

బరంపురం_బాబీ:
అక్కా, ముందు ఆ వెదురు గేలం పెట్టెలో పడేయండి. విల్లీ కొట్లో ట్రైనింగ్ రాడ్ 25 గోల్డే. దాంతో ఆకుపచ్చ పట్టీ ఫిషింగ్‌లో లెవెల్ 5 వాళ్లకు ఉన్నంత పొడుగు వస్తుంది. కష్టమైన చేపలు దానికి పడవు, అయినా మీకు ఇప్పుడు కావాల్సింది లెవెల్. కొండ దగ్గరి చెరువులో కార్ప్‌తో మొదలుపెట్టండి, అది పెద్దగా గెంతదు.

రెండోది, వేలు నొక్కి పట్టుకోకండి. టక్ టక్ టక్ అని చిన్నగా తట్టండి, పట్టీ ఉన్నచోటే తేలుతూ ఉంటుంది. మొత్తం వదిలేస్తే అడుగుకు కొట్టుకుని పైకి ఎగురుతుంది, సగం చేపలు పోయేది అక్కడే. డబ్బులుంటే విల్లీ దగ్గరే ట్రౌట్ సూప్ ఉంటుంది, 250 గోల్డ్. తాగితే కాసేపు ఫిషింగ్ ఒక లెవెల్ పెరుగుతుంది. ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి, మందులు రేపు కూడా అమ్ముకోవచ్చు.

ఇచ్ఛాపురం_ఓపికలేనివాడు:
బాబీ నేర్పిస్తున్నాడు, నేను ఎగ్గొట్టడం చెప్తాను. శుక్రవారం, ఆదివారం అడవిలోకి బండి వస్తుంది చూడండి, అందులో ఒక్కోసారి చేపలూ అమ్ముతారు. ఏమొస్తుందో ఆ రోజు అదృష్టం, ధర కూడా మండిపోతుంది, కానీ క్యాట్‌ఫిష్ దొరికితే కళ్లు మూసుకుని కొనేయండి. చేపల గదిలో అడిగే సరుకు కట్టల్ని బండిల్స్ అంటారు, వాటిలో క్రాబ్ పాట్ (పీతల బుట్ట) బండిల్‌కి గేలంతో పట్టే పనే లేదు. లెవెల్ 3 వస్తే బుట్టలు తయారు చేసుకోవచ్చు, కొన్ని గవ్వచేపలైతే బీచ్‌లో ఇసుక మీదే దొరుకుతాయి.

ఇంకోటి, గ్రీన్‌హౌస్ ప్యాంట్రీ గది బండిల్స్‌తో వస్తుంది, బస్సు డబ్బు కడితే నడుస్తుంది. చేపల గది పూర్తి చేస్తే వచ్చేది గనుల దగ్గరి మెరిసే బండ తొలగడం, ఏట్లో జల్లించుకునే పళ్లెం. దానికోసం ఇంత రక్తపోటు అక్కర్లేదు. మరీ విసిగితే 5,000 గోల్డ్ కట్టి ఆటలోని పెద్ద చైన్ కొట్టు జోజాలో మెంబర్ అయిపోండి, చేపలు ఇచ్చే గొడవే ఉండదు. ఊరి చిన్న కొట్టు మీద జాలి ఉంటే మాత్రం చేయలేరు. మీరూ కొట్టువాళ్లే కదా, అందుకే బలవంతం చేయను.

గోపాల్‌పూర్_గాలి:
నాకు చేపల ఆట ఇష్టమే, అయినా అక్క అన్నదాంట్లో న్యాయం ఉంది. లెవెల్ సున్నా దగ్గర పట్టీ అతి పొట్టి, లెవెల్ 10కి వచ్చేసరికి దాదాపు రెట్టింపు. అంటే ఏమీ రానివాడికి అన్నిటికంటే కష్టం, ఆరితేరినవాడికి సుఖం. నేను చూసినంతలో చేపల ఆటను తిట్టేవాళ్లలో ఎక్కువమంది ఆ మొదటి వసంతంలోనే మానేసినవాళ్లు. చేతిలో చిల్లర లేని ఆ రోజుల్లో డబ్బొచ్చేది చేపలతోనే కాబట్టి, కొత్తవాళ్లని అందరూ నేరుగా బీచ్‌కే తోలతారు. అదీ తంటా.

మీ మావయ్యగారి పద్ధతి కావాలంటే యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ అనే ఆట చూడాలి. అక్కడ నీడ వచ్చి బెండును పొడుస్తుంది, ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు, ఆ తర్వాత మింగాల్సిందే. అప్పుడు ఒక్క బటన్. నేను కళ్లు మూసుకుని చప్పుడు విని పట్టేవాణ్ని. కాకపోతే దానికి నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రం కొనాలి, ఫోన్‌లో రాదు. నన్నడిగితే స్టార్‌డ్యూ వాళ్లు సెట్టింగ్స్‌లో సులువు, కష్టం అని రెండు మాటలు పెట్టేస్తే సరిపోయేది.

మందులకొట్టు_పర్లాకిమిడి:
బాబీ తమ్ముడూ, ట్రైనింగ్ రాడ్ కొన్నాను. కార్ప్‌లు పడుతున్నాయి! తట్టడం ఇంకా పూర్తిగా కుదరలేదు గానీ గుండె దడ తగ్గింది. ఇచ్ఛాపురం గారూ, జోజా మాత్రం నావల్ల కాదు. మా వీధి చివర పెద్ద చైన్ కొట్టు పెట్టినప్పటి నుంచి నాకు ఆ రంగు బోర్డులంటేనే ఒళ్లు మంట. క్యాట్‌ఫిష్ కోసం బండి చూస్తాను, పఫర్‌ఫిష్ సంగతి వేసవి వచ్చాక. ఒక్క సందేహం, ఈ రాడ్‌కి ఎర గుచ్చడం ఎలా? ఎంత నొక్కినా ఎక్కట్లేదు.

బరంపురం_బాబీ:
దానికి ఎక్కదక్కా, వెదురుదానికీ ఎక్కదు. ఫైబర్‌గ్లాస్ రాడ్ కొనాలి, లెవెల్ 2 అయితే విల్లీ 1,800కి ఇస్తాడు. రాత్రి పడుకునే ముందు టీవీలో వాతావరణం చూడండి. రేపు వాన అంటే నీళ్లు పోసే పని ఉండదు, పొద్దున్నే నేరుగా ఏటికి వెళ్లిపోవచ్చు.