గాడిదతో ఇద్దరు అన్నదమ్ములు: ఒక్క బొమ్మకి ఆరేళ్ళా?

బుక్‌హామ్ నాన్న:
మేముండేది ఇంగ్లండులో, సర్రేలో. ఆదివారం పిల్లల్ని పోల్స్‌డెన్ లేసీ బంగళాకి తీసుకెళ్ళాం. అక్కడ థామస్ లారెన్స్ వేసిన పాటిసన్ అన్నదమ్ముల తైలవర్ణ చిత్రం ఉంది. ఇద్దరు మగపిల్లలు, పక్కన వాళ్ళ గాడిద. మావాళ్ళిద్దరూ దాని ముందు నుంచి కదలరే! ఆ బొమ్మ వేసింది 1811–17 అట. "నాన్నా, ఆరేళ్ళూ అలాగే నిలబడ్డారా?" అన్నాడు చిన్నోడు. నాకు జవాబు తోచలేదు.

మా నాన్న, బాబాయి తెనాలి స్టూడియోలో దిగిన ఫోటో మా ఇంట్లో ఉంది. నాన్న చెయ్యి బాబాయి భుజం మీద. బాబాయి కాళ్ళకి నాన్న బూట్లు, మడమ దగ్గర రెండు వేళ్ళ ఖాళీ. ఇంకో ఏడాది ఆగితే ఆ బూట్లు సరిపోయేవి, ఆ ఫోటో ఉండేది కాదు. మరి ఆరేళ్ళలో పిల్లలు పెరిగిపోరా? ఇంతకీ వాళ్ళు తర్వాత ఏమయ్యారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

రంగులపెట్టె:
నిలబడలేదండి, ఎదురుచూశారు. లారెన్స్ చేతినిండా పని ఒప్పుకునేవాడు, సగంలో వదిలిన బొమ్మలు ఏళ్ళ తరబడి స్టూడియోలో ఉండిపోయేవి. పైగా 1814లో యూరప్ రాజులు, సేనాధిపతుల బొమ్మల పని యువరాజే ఆయనకి అప్పజెప్పాడు. ఎసెక్స్‌లోని విథమ్ ఊరి లాయరు పిల్లల వంతు ఎప్పుడొస్తుంది చెప్పండి? మొదలుపెట్టినప్పుడు పెద్దవాడికి పదేళ్ళు, ముగిసేసరికి పదహారు. బొమ్మలో మాత్రం పసివాడే.

కొండదారి:
ఆ పెద్దవాడి సంగతి చెప్పాలంటే మనసొప్పడం లేదు. పేరు విలియం హెన్రీ. పెరిగి లండన్‌లో లింకన్స్ ఇన్ అనే న్యాయవాదుల సంఘంలో లాయరయ్యాడు. పెళ్ళయిన నెలకి భార్య సూసన్‌తో ఫ్రాన్సులో పిరనీస్ కొండలకి వెళ్ళాడు. అక్కడ గోబ్ సరస్సులో పడవ ఎక్కి ఇద్దరూ మునిగిపోయారు. 1832 సెప్టెంబరు 20. అతనికి 31, ఆమెకి 26. ఒడ్డున స్మారకం కట్టి వాళ్ళ పేర్లు, వయసులు చెక్కించారు. దేహాల్ని విథమ్‌కి తెచ్చి పూడ్చారు. లారెన్స్ 1830లోనే పోయాడు కాబట్టి ఈ కబురు ఆయన వినలేదు.

బుక్‌హామ్ నాన్న:
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ ఇంట్లో వాళ్ళు అప్పటినుంచి ఆ బొమ్మ వైపు ఎలా చూసి ఉంటారో! ఇద్దరికీ థాంక్స్ అండి. మా పెద్దోడికి అంతా చెప్పాను. చిన్నోడికి ఆరేళ్ళ సంగతి వరకే చెప్పాను. వాడు ఆ గాడిద పేరేంటని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.