వెండి బిళ్ళ మీద 1172 అని ఉంది: అసలు వయసెంత?

కావలి నుంచి (అడిగినవారు):
మా అత్తగారి ఇనప్పెట్టెలో ఒక వెండి బిళ్ళ ఉంది. పాత రూపాయంత వెడల్పు, పైన కొక్కెం, రెండు వైపులా ఉర్దూ లాంటి అక్షరాలు. చదవగలిగినవారికి చూపిస్తే అంకె 1172 అన్నారు. అత్తగారి పుట్టిల్లు ఉదయగిరి. నవాబుగారు తమ పూర్వీకుడికి ఇచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. పసిపిల్లలకు దిష్టి తగలకుండా మెళ్ళో కట్టేవారట. ఇది ఎక్కడిది, ఎప్పటిది? ఫోటోలు పెడుతున్నాను.

కృష్ణపట్నం నుంచి:
1172 అని అంత స్పష్టంగా ఉంటే ఇంకా సందేహం దేనికి? అవి తెలుగు చోళుల రోజులు. అరబ్బు గుర్రాల వర్తకులు మన తీరానికి వచ్చేవారు. ఇది ఓడ దిగిన వెండే. ఎనిమిదిన్నర శతాబ్దాల వస్తువు, జాగ్రత్త చేసుకోండి.

నెల్లూరు నుంచి:
నాకు తాయెత్తులా కనిపిస్తోంది. బారా షహీద్ దర్గాలో రొట్టెల పండుగకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. అలా ఎవరో తెచ్చుకున్నదే అయి ఉంటుంది.

ఒంగోలు నుంచి:
ఫోటో పెద్దది చేసి అక్షరం అక్షరం చూశాను. అది ప్రార్థన కాదు, పారసీలో రాసిన నాణెం మాట. ఒక వైపు ‘సిక్కా ముబారక్ బాద్షా గాజీ అజీజుద్దీన్ ముహమ్మద్ ఆలంగీర్’, రెండో వైపు ‘జర్బ్ ఆర్కాట్’ (ఆర్కాటులో కొట్టినది), పక్కన 6 అంకె. అంటే ఆర్కాటు రూపాయి. ఈ ఆలంగీరు ఔరంగజేబు కాదు, 1754 నుంచి 1759 దాకా ఢిల్లీ గద్దె మీదున్న రెండో ఆలంగీరు. 1172 హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1758-59. ఆరు ఆయన ఏలుబడిలో ఆరో ఏడు. తెలుగు చోళుల మాట ఇక్కడే తేలిపోతుంది.

అయితే ఇది 1759 నాటిది కూడా కాదు. సుత్తితో కొట్టిన పాత ఆర్కాటు రూపాయిల్లో అచ్చు పెద్దది, వెండి ముక్క చిన్నది కావడంతో అక్షరాలు అంచుల దగ్గర తెగిపోయేవి. మీ బిళ్ళ చక్కని గుండ్రం, మాటలన్నీ పూర్తిగా పడ్డాయి. అక్షరాల మధ్య చిన్న తామర పువ్వుంది, అది మద్రాసు టంకశాల గుర్తు. అక్కడ ఈస్టిండియా కంపెనీ 1807 నుంచి యంత్రాలతో ఇవే మాటలు, ఇదే 1172 పెట్టి 1835 దాకా రూపాయిలు కొట్టింది. మీది ఆ మధ్యకాలానిది.

కృష్ణపట్నం నుంచి:
హిజ్రీ సంగతి ఒప్పుకుంటాను, తొందరపడ్డాను. కానీ చనిపోయిన పాదుషా పేరుతో డెబ్బై అయిదేళ్ళు నాణేలు కొట్టారంటే ఎలా నమ్మమంటారు?

ఒంగోలు నుంచి:
మంచి ప్రశ్న. అప్పటి షరాబు, అంటే నాణేలు మార్చే వర్తకుడు, నాణేన్ని చూసి ఏడు పాతబడిందనో, ముద్ర కొత్తదనో విలువలో కొంత వట్టంగా కోసేవాడు. జనానికి అలవాటైన ముద్రను, సంవత్సరాన్ని మార్చకపోతే ఆ కోత పెట్టడానికి సాకు ఉండదు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో బంగారు వరహాను తప్పించి రూపాయినే ప్రమాణం చేశారు, వరహాకు మూడున్నర రూపాయల లెక్కన. నాలుగో విలియం తలతో, ఇంగ్లీషు అక్షరాలతో కంపెనీ రూపాయి వచ్చింది 1835లోనే.

నెల్లూరు నుంచి:
తాయెత్తన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆర్కాటు నవాబు 1801లోనే నెల్లూరు సీమను కంపెనీకి వదులుకున్నారు. 1807 తర్వాతి నాణెమైతే ఇంటివాళ్ళ కథ అబద్ధమేనా?

ఒంగోలు నుంచి:
అబద్ధమని నేననను. ఉదయగిరి జాగీరు 1839 దాకా జాగీర్దారుల చేతిలోనే ఉంది. ఊళ్ళో జనం వాళ్ళనే నవాబులని పిలిచి ఉండవచ్చు కదా. ఒక జాగీర్దారు చేతి మీదుగా మద్రాసు రూపాయి ఇనాముగా రావడంలో వింతేమీ లేదు. వచ్చిందని రుజువు చేసే కాగితం మాత్రం కావాలి.

నెల్లూరు నుంచి, వెండిపని చేసేవారు:
మీరంతా నాణెం వయసు చెబుతున్నారు. అమ్మగారు అడిగింది బిళ్ళ వయసు కూడా. కొక్కెం తర్వాత అతికించింది. అతుకు పక్కనున్న అక్షరాలు కూడా మిగతా వాటిలాగే అరిగాయి, అంటే ముందు చాలాకాలం బజారులో చేతులు మారింది. కొక్కెం లోపలి వైపు తాడు రాసుకుని సన్నబడింది, అంటే మెడలో కూడా ఏళ్ళ తరబడి ఉంది. దయచేసి చింతపండుతో తోమకండి, ఆ నలుపును అలాగే ఉంచండి. కొక్కెం ఊడదీసే ఆలోచన ఉంటే మానుకోండి. నాణేలు సేకరించేవారికి అది లోపం, మీ ఇంటికి అదే చరిత్ర.

కావలి నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. తూకం వేయించాను, కొక్కెంతో కలిపి 12 గ్రాముల 900 మిల్లీగ్రాములు. అత్తగారికి చదివి వినిపిస్తే, తోమనివ్వనని చెప్పి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు.

ఒంగోలు నుంచి:
1818 నాటి మద్రాసు రూపాయి ప్రమాణం 11.66 గ్రాములు. అరుగుదల, కొక్కెం బరువు కలిపి చూస్తే సరిపోతోంది. పెట్టె మళ్ళీ తెరిచినప్పుడు అంచు ఫోటో ఒకటి తీయండి, గీతలు ఉన్నాయేమో చూడాలి.