బాలాపూర్ పిల్లలకు బడి సంచి మనమే సర్ది ఇద్దామా, కూపన్ చేతిలో పెడదామా?

పలక_బలపం:
హైదరాబాద్‌లో బాలాపూర్, రాయల్ కాలనీ, షాహీన్‌నగర్ వైపు ఉంటున్న రోహింగ్యా (మయన్మార్ నుంచి వచ్చిన శరణార్థి) కుటుంబాల పిల్లలు 200 మందికి, జూన్ 12న బడులు తెరిచేలోపు బడి సామాను, ఒంటిశుభ్రత సామాను అందించాలి. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా ఉన్నారు. సర్కారు బడిలో చేరినవాళ్ళకి పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం బడే ఇస్తుంది. మిగతాది మనం చూసుకోవాలి. వాలంటీర్లు రెండు పక్షాలయ్యారు. అన్నీ టోకున కొని, ఒక ఆదివారం కూర్చుని సంచులు సర్దేద్దామని ఒక పక్షం. అదే డబ్బుకి కూపన్లిచ్చి దగ్గరి దుకాణంలో తల్లుల్నే కొనుక్కోనిద్దామని రెండో పక్షం. పని తెలిసినవాళ్ళు లెక్కతో చెప్పండి. రెండూ మంచివేనంటే మాకు ఉపయోగం లేదు.

టోకు_లెక్క:
సర్ది ఇవ్వడమే మేలు. బేగంబజార్‌లో 200 మందికి ఒకేసారి కొంటే వచ్చే ధర గల్లీ దుకాణంలో ఒక తల్లికి రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కులు, పెన్సిళ్ళు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, క్రేయాన్ల మీద జీఎస్టీ లేదు. సబ్బు, పేస్టు, బ్రష్షుల మీద 18 శాతం నుంచి 5కి దిగింది. బిల్లు రాయించేటప్పుడు ఇది అడిగి చూసుకోండి, పాత స్టాకు మీద పాత రేటే ఇంకా అతికించి ఉండవచ్చు.

కానీ 200 సంచులూ ఒకేలా సర్దితే సగం వృథా. తరగతిని బట్టి మూడు రకాలు చేయాలి.
1, 2 తరగతులకు: పలక, బలపాల పెట్టె, నాలుగు గీతల నోట్‌బుక్కులు 3, లెక్కలకు చదరాలది 1, పది పెన్సిళ్ళ పెట్టె, రబ్బర్లు 2, షార్ప్‌నర్ 1, క్రేయాన్లు.
3 నుంచి 5కి: ఒంటి గీత 100 పేజీలవి 5, చదరాలది 1, పెన్సిళ్ళు, 15 సెంటీమీటర్ల స్కేలు.
6 నుంచి 8కి: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు 6, జామెట్రీ బాక్సు, నీలం పెన్నులు 4.

లాంగ్ నోట్‌బుక్ ఒక్కోటి పావుకిలోకి పైనే తూగుతుంది. ఆరు కలిస్తే కిలోన్నర దాటుతుంది. 2020 నాటి కేంద్ర బడిసంచి విధానం 6, 7 తరగతుల పిల్లలకి మొత్తం బరువు 2 నుంచి 3 కిలోలంటోంది, అందులో పాఠ్యపుస్తకాలూ ఉన్నాయి. అందుకని 300 పేజీలవి తీసుకుని "ఏడాదంతా సరిపోతాయి" అనుకోకండి, పిల్ల మోయలేదు.

సంచి కొనేటప్పుడు బొమ్మ కాదు, భుజం పట్టీ అతుకు చూడండి. పట్టీ సంచిలో కలిసేచోట ఒక్క వరస కుట్టుంటే ఆగస్టు నాటికి ఊడుతుంది. చతురస్రంగా కుట్టి లోపల అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టిందే నిలబడుతుంది. దుకాణంలోనే సంచిలో మూడు కిలోల పుస్తకాలు వేసి, ఒంటి పట్టీతో పట్టుకుని పదిసార్లు కుదపండి. జిప్పు మూల తిరిగేచోట ఆగిందంటే పక్కన పెట్టేయండి.

కిరాణం_కౌంటర్:
అన్నా, నోట్‌బుక్కుల మాట సరే. సబ్బు కాడికి వచ్చేసరికి మీ లెక్క తప్పుతది. విపత్తు సాయంల అందరు పాటించే స్ఫియర్ ప్రమాణం ఏమంటది? మనిషికి నెలకు ఒంటి సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు. అంటే రోజుకు ఎనిమిది గ్రాముల పైన ఒంటి సబ్బు. కిట్టుల పెట్టే వంద గ్రాముల బిళ్ళ ఒక్క పిల్లగానికి పన్నెండు రోజులు. అది ఒక్క పిల్లగాడే వాడుకుంటడా? ఒకటే రేకుల గది, ఒకటే బకెట్. ఆరుగురున్న ఇంట్ల అది రెండు దినాలు. ఆ ఇంటికి నెలకు ఒంటికి కిలోన్నర, బట్టలకు కిలో రెండు వందల గ్రాములు కావాలె. ఫొటోల కిట్టు నిండుగ కనబడుతది, మూడో దినం సబ్బుపెట్టె ఖాళీ. గందుకే సబ్బులు, పేస్టు, ప్యాడ్లు కూపన్ మీదనే ఇయ్యాలె, నెలనెల ఇయ్యాలె.

బడివాకిలి:
టోకు_లెక్క గారూ, మీ మూడు రకాల్లో రెండు విషయాలు కలపాలి.

మొదటిది మాధ్యమం. ఈ పిల్లల్లో చాలామంది ఉర్దూ మీడియంలో కూర్చుంటారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకి. మన నోట్‌బుక్కుల్లో ఎర్రటి అంచు గీత ఎడమ వైపు ఉంటుంది. పిల్లలు పుస్తకాన్ని తలకిందులు చేసి కుడి నుంచి తెరుస్తారు. అప్పుడు గీత కుడికి వస్తుంది గానీ, తేదీ రాసే ఖాళీ జాగా పేజీ అడుగుకి పోతుంది, అట్ట మీద పేరు రాసే గడి తిరగబడుతుంది. దిద్దే టీచరు ప్రతి పుస్తకాన్నీ తిప్పి చూసుకోవాలి. అంచు గీత లేని ఒంటి గీత పుస్తకాలు అడగండి, ధరలో తేడా ఏమీ ఉండదు. ఇంగ్లీషు నోట్‌బుక్ ఒక్కటీ మామూలుది.

రెండోది వయసు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి బయట ఉన్న పిల్లని వయసుకి తగిన తరగతిలో చేర్చాలి. పన్నెండేళ్ళ అమ్మాయి నేరుగా ఆరులోనో ఏడులోనో కూర్చుంటుంది, అక్షరాలు ఇంకా రాకపోవచ్చు. ఆ సంచిలో లాంగ్ నోట్‌బుక్కులతో పాటు నాలుగు గీతలది ఒకటి కూడా ఉండాలి. పలక మాత్రం పెట్టకండి. పెద్దపిల్ల చేతిలో పలక చూసి క్లాసు నవ్వితే మర్నాడు ఆ పిల్ల రాదు.

పైగా జూన్‌లో పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్పించే బడిబాట కార్యక్రమం నడుస్తుంది, చేరికలు అప్పుడే తేలతాయి. మే నెలలో రాసుకున్న తరగతుల జాబితా జూన్ చివరికి మారిపోతుంది. మొత్తం సంచుల్లో ఎనిమిదో వంతు సర్దకుండా విడి సామానుగా ఉంచండి.

ఇంకో మాట, దీనికి జవాబు కావాలి. అదే బెంచీ మీద బస్తీ పేదపిల్లలు కూర్చుంటారు, వాళ్ళకీ సంచి చినిగే ఉంటుంది. శరణార్థి పిల్లలకే ఇస్తే ఆ సంచే వాళ్ళకి ముద్ర అవుతుంది. ఇస్తే సెక్షన్ మొత్తానికి ఇవ్వండి.

టోకు_లెక్క:
బడివాకిలి మేడమ్, అంచు గీత సంగతి తట్టనే లేదు, జాబితాలో మారుస్తాం. సెక్షన్ మొత్తానికంటే మాత్రం లెక్క రెండింతలు, మూడింతలు అవుతుంది. డబ్బు అంతే ఉంది. ఐదు నోట్‌బుక్కులు రెండు అవుతాయి, గట్టి సంచి బదులు పల్చటి సంచి వస్తుంది. అందరికీ కొంచెం ఇచ్చి ఎవరికీ చాలకుండా చేయడం న్యాయం కాదు.

బడివాకిలి:
యునిసెఫ్ వాళ్ళ బడిపెట్టె చూడండి. 40 మంది పిల్లలకి, ఒక టీచరుకి ఒకే పెట్టె. మూత లోపలి వైపు నల్లబల్ల రంగు వేసుకునే వీలుంటుంది. అందులో కొన్ని సామాన్లు తలా ఒకటి కాదు, తరగతి మొత్తానికి ఉంటాయి. మీరు సంచిలో తలా ఒకటి పెట్టే క్రేయాన్లు, జామెట్రీ బాక్సు తీసేసి, నలుగురు పిల్లలకి ఒక జత చొప్పున తరగతి బీరువాలో పెట్టించండి. ఆ మిగిలిన డబ్బుతో పక్క పిల్లలకి కనీసం నోట్‌బుక్కులు వస్తాయి. సంచి మాత్రం చినిగినవాళ్ళకే, ఏ ఇంటివాళ్ళయినా సరే. ఎవరిది చినిగిందో క్లాసు టీచరుకి తెలుసు, ఆధార్ అడగక్కర్లేదు, శరణార్థి కార్డు అడగక్కర్లేదు. సంచి మీద మీ సంస్థ పేరు అచ్చు వేయించకండి. బజారులో దొరికే మామూలు సంచిలా ఉండాలి.

డాలస్_వాడకట్టు:
ఇక్కడ అమెరికా నుంచి కిట్లు సర్ది పంపుతామని మా వైపు కొందరు అడుగుతున్నారు. వద్దని చెప్పడానికే రాస్తున్నాను. చర్చ్ వరల్డ్ సర్వీస్ లాంటి సంస్థలు వాలంటీర్లతో సర్దించే బడి కిట్టుకి ఖచ్చితమైన జాబితా ఉంటుంది: 70 ఆకుల నోట్‌బుక్కులు మూడు, పెన్సిళ్ళు ఆరు, 24 క్రేయాన్లు, మొనలేని కత్తెర, స్కేలు, రబ్బరు, షార్ప్‌నర్, గుడ్డసంచి. ఒకటి ఎక్కువ వద్దు, ఒకటి తక్కువ వద్దు. ఎందుకంటే ఆ పెట్టె ఏ దేశంలో తెరుస్తారో సర్దే రోజుకి తెలియదు. ఒక సంచిలో బొమ్మ ఉండి పక్కదాంట్లో లేకపోతే పంచేచోట గొడవ. టూత్‌పేస్టు కూడా సర్దేవాళ్ళని పెట్టవద్దంటారు, ఓడ ఎక్కించే ముందు విడిగా చేరుస్తారు. ఆ పద్ధతి ఎక్కడ తెరుస్తారో తెలియని పెట్టెకి సరైనది. ఏ పిల్ల ఏ తరగతో తెలిసిన బాలాపూర్‌కి దాని అవసరం లేదు.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. ఇక్కడ అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇచ్చేది, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. వస్తు రూపంలో ఇచ్చినా అంతే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం తీసుకోకూడదు. ఉన్న సంఘమైనా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బుని ఇంకో సంఘానికి బదిలీ చేయకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఇద్దరి డబ్బూ ఒకే ఖాతాలో కలపకండి. ఒక్క పొరపాటుకి సంఘం మొత్తం మూతపడవచ్చు, నష్టపోయేది ఆ పిల్లలే.

పలక_బలపం:
అన్నా, మంచి సమయంలో చెప్పారు. కూపన్ పద్ధతి నడిపించడం ఎలాగో కిరాణం_కౌంటర్ అన్న విప్పి చెప్పాలి. నేరుగా నగదు ఇవ్వవచ్చు కదా అని కూడా అడుగుతున్నారు.

కిరాణం_కౌంటర్:
నగదు ఇస్తే అన్నిటికంటె మంచిదే. గని వాళ్ళ దగ్గర ఉండేది ఐరాస శరణార్థి కార్డు. ఆ కార్డు మీద బ్యాంకు ఖాతా తెరిపించుడు కష్టం, ఖాతా లేకుంటే యూపీఐ లేదు. చేతికి నోట్లిస్తే గుడిసె జాగ కిరాయి ముందటనే నిలబడతది. కిరాయి కట్టుడు తప్పు కాదు, గని సబ్బు రాదు.

కూపన్లంటే ఇట్ల చెయ్యాలె. ఒక్క దుకాణం వద్దు, రెండు కావాలె. ఒక్కటే ఉంటే ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి తగ్గియ్యడు. కూపన్ మీద వరుస నంబరు, ముద్ర, సబ్బుబిళ్ళ, బ్రష్షు, ప్యాడ్ల బొమ్మలు ఉండాలె, చదువు రానోళ్ళు గూడ చూసి అడుగుతరు. జిరాక్సు తీసుడు ఆపాలంటే రంగు కాయితం మీద చేతి సంతకం. గడువు ముప్పై దినాలు. దుకాణపాయన వారానికొకసారి కూపన్లు తిరిగియ్యాలె, మీరు వారంల పైసలు కట్టాలె. మీరు ఆలస్యం చేస్తే ఆయన కూపన్ చూసి "స్టాకు లేదు" అంటడు, మాట పడేది తల్లులు.

మోసం యాడ జరుగుతదంటే, దుకాణపోళ్ళు కూపన్ తీసుకుని, సామాను ఇయ్యకుంట, కొంత కోసుకుని నగదు చేతిల పెడ్తరు. పట్టుకునుడు ఎట్ల? తిరిగొచ్చిన కూపన్ల లెక్కకు, దుకాణం కొన్న స్టాకు బిల్లుకు పొంతన చూడుర్రి. నూరు సబ్బుల కూపన్లు వచ్చి, ఆ నెల ఇరవై సబ్బులే కొన్నట్టు బిల్లుంటే కత తెలుస్తది.

నీటితొట్టి:
సబ్బు అంటే ఏ సబ్బు? రేపర్ మీద టీఎఫ్ఎం (సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం శాతం) అంకె చూడండి. టాయిలెట్ సోప్‌లో మొదటి రకం 76 శాతం, రెండోది 70, మూడోది 60. "బాతింగ్ బార్" అని చిన్న అక్షరాల్లో ఉంటే అది టాయిలెట్ సోప్ కాదు, 40 శాతం ఉన్నా చాలు. చవగ్గా ఉంటుంది, నీళ్ళలో మెత్తబడి సగం కాలంలో అరిగిపోతుంది. సబ్బుపెట్టెకి అడుగున చిల్లులు ఉండాలి, లేకపోతే ఎంత మంచి సబ్బయినా ముద్దవుతుంది. ఆకుపచ్చ చుక్క ఉన్నవే కొనండి. జంతు కొవ్వు ఉందేమోనన్న అనుమానంతో వాడకుండా పక్కన పెట్టేస్తే ఎవరికి లాభం? పేస్టుకీ ఇదే మాట. ఇంట్లో పసిపిల్లలు ఉంటే వాడకం చూపించండి: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో లాగా బ్రష్షు పొడవునా పిండితే చిన్నపిల్లలు మింగేస్తారు. శానిటైజర్ ఏ సంచిలోనూ వద్దు. ఇరుకు గుడిసెలో పొయ్యి పక్కన అది ప్రమాదం.

6 నుంచి 8 తరగతుల అమ్మాయిలకి అందరికీ ఒకే రకం ప్యాడ్లు కొనేయకండి. స్ఫియర్ లెక్కన నెలకి వాడి పారేసేవి 15, లేదా ఉతికి వాడేవి ఏడాదికి ఆరు. ఉతికేవాటికి నీళ్ళు కావాలి, ఎండలో ఆరేసే మరుగు కావాలి. ట్యాంకరు నీళ్ళ మీద బతికే ఒంటిగదిలో ఆ రెండూ ఉండవు. పారేసేవాటికి చెత్తబుట్ట, బడిలో తలుపుకి గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలి. ఏది కుదురుతుందో ఆ ఇంటి ఆడవాళ్ళకే తెలుసు, వాళ్ళని ఆడ వాలంటీర్లు మాత్రమే అడగాలి. లోదుస్తులు మీ జాబితాల్లో ఎక్కడా కనిపించలేదు, అవి లేకపోతే ప్యాడ్ నిలవదు. ఏడాదికి ఆరు లెక్క. సైజు మనం ఊహించలేం కాబట్టి ఇది కూపన్‌కే వదలండి.

టోకు_లెక్క:
ఒప్పుకుంటున్నాను. అరిగిపోయేవి కూపన్ మీద వెళ్ళనీయండి. బ్రష్షు, దువ్వెన, నెయిల్ కట్టర్, తువ్వాలు, సబ్బుపెట్టె మాత్రం సంచితోనే ఇద్దాం. పిల్లకొక దువ్వెన తప్పదు, ఒకే దువ్వెన ఇల్లంతా వాడితే పేలు తగ్గవు. ఇంటికొక పేల దువ్వెన అదనం. ఇవన్నీ నోట్‌బుక్కులతో కలపకుండా జిప్పు కవర్లో విడిగా పెట్టాలి.

సర్దేరోజు పద్ధతి చెప్తాను. బల్లలన్నీ ఒకే వరసలో వేయండి. మొదట నోట్‌బుక్కులు, చివర్లో పెన్సిళ్ళు, కవరు. ఖాళీ సంచి పట్టుకుని మనిషి నడవాలి, సామాను కదలకూడదు. ఒక రకం పూర్తయ్యాకే రెండో రకం మొదలు. బల్ల మీద సరిగ్గా ఆ రకానికి ఎన్ని కావాలో అన్నే పెట్టండి, అదనపువి వేరే గదిలో ఉంచండి. ఆఖర్న బల్ల మీద రెండు రబ్బర్లు మిగిలాయంటే ఒకట్రెండు సంచుల్లో రబ్బర్లు తక్కువ పడ్డట్టే. తూకం వేస్తే నోట్‌బుక్కు తప్పిపోయింది దొరుకుతుంది గానీ రబ్బరు దొరకదు, కాయితం బరువే పుస్తకానికీ పుస్తకానికీ అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

బడివాకిలి:
సంచులు బస్తీలో వరస కట్టించి ఇవ్వకండి, ఫొటోలు అసలే వద్దు. క్లాసులో హాజరు పిలిచాక బెంచీల మీదే ఇద్దాం. ఇంకా బడిలో చేరని పిల్లల సంగతి ఎవరూ అనలేదు. సంచి చేతికొస్తే చేరిక పని అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. విడిగా ఉంచిన ఆ ఎనిమిదో వంతు సామానుతో పాటు ఒక మనిషి కూడా కావాలి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హెడ్‌మాస్టర్ గది దాకా వెళ్ళి దరఖాస్తు రాయించేవాళ్ళు. దానికి ఎవరు వస్తారో పేర్లు ఇక్కడ రాయొద్దు, పలక_బలపానికి విడిగా పంపండి.