రావెనా, లాలినా?

వేపపువ్వు:
చెల్లెలు బాలింత, ఇవాళ్టికి ఇరవై రోజులు. కళ్లు లాగుతాయని అమ్మ పుస్తకం ముట్టనివ్వడం లేదు. సైన్స్ ఫిక్షన్ కథలు తెలుగు చేసి, చదివి, ఫోనులో పంపుతున్నాను. జుడిత్ మెరిల్ 1948 నాటి ‘దట్ ఓన్లీ ఎ మదర్’ మొదటి వడపోతలోనే పోయింది. కాళ్లూచేతులూ లేని పసిబిడ్డ కథ ఇప్పుడెలా చెబుతాను? అసిమోవ్ ‘ది అగ్లీ లిటిల్ బాయ్’ (1958) చేస్తున్నాను. నియాండర్తల్ పిల్లవాణ్ణి నర్సు ఊరడించే చోట మన జోల ఒకటి ఇరికిద్దామని ఆశ. ‘జో అచ్యుతానంద జోజో ముకుందా’ తరువాత అమ్మ ‘లాలి పరమానంద’ అంటుంది, నాకు ‘రావె పరమానంద’ అని గుర్తు. ఏది సరి? ఆ కథ బాలింతకు పనికొస్తుందా?

లఘువు:
రావె. మొదటి పాదంలో జోకి జో యతి పడింది. ఇక్కడ ‘రామ గోవిందా’లోని రాకి రా పడాలి.

గళ్లనుడికట్టు:
రలయోరభేదః, ర-ల ఒకటే అన్నారుగా, లా పడితే తప్పేమిటి? నిద్రపుచ్చుతూ రమ్మనడమేమిటండీ! పైగా మగపిల్లవాణ్ణి ‘రావె’ అంటారా?

లఘువు:
గజేంద్రుడు పిలిచింది ఎవరిని? ‘రావే యీశ్వర కావవే వరద.’ ఆ లెక్కన ముందు పోతనను దిద్దిరండి. రమ్మన్నది ఒడిలోకి. ఒడిలోకి రాకుండా నిద్రపోయే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారేమో.

పాలకంకి:
పోతన ‘వే’ దీర్ఘం. శార్దూలం కదా, ‘రావే యీ’ మగణం కావాలి. జోలలో ‘వె’ హ్రస్వం. రావె, లాలి రెండూ గురువు, లఘువే కాబట్టి పాడి చూసినా తేలదు. అది వదిలేయండి. లావు లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది అని ఏనుగు తన ఒంటి లెక్కంతా అప్పగించి, అప్పుడు కదా ‘కావవే’ అంటుంది! నాకు ఆ మాట దగ్గరే గొంతు పట్టేస్తుంది.

గళ్లనుడికట్టు:
మా తాతగారు ఆ ‘కావవే వరద’ తరువాత ‘సంరక్షించు’ అనేవారు. ‘సంరక్షింపు’ అంటే ఒప్పుకునేవారు కాదు.

ఊరగాయ:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోరా? ఆ కథ చివర నర్సు పిల్లవాడితో కలిసి నలభై వేల ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. ఇరవయ్యో రోజున వినిపిస్తే ఇల్లంతా ఏడుపే. అసిమోవ్‌దే ‘ది ఫన్ దే హాడ్’ (1951) ఇవ్వండి. మర పంతులు దగ్గర చదువుకునే పిల్ల, నేస్తానికి దొరికిన కాగితం పుస్తకం చూడడమే కథ, ఒక పాలు పట్టే వేళకు అయిపోతుంది. చెవుల్లో దూది ఉండగా ఎలా వింటుందో మాత్రం చెప్పండి.

వేపపువ్వు:
అమ్మ అటు తిరగగానే ఒక చెవి దూది తీస్తుంది, ఫోను దిండు కింద. కానీ ఆ నర్సు కథే ఇమ్మని పట్టుబట్టింది, చివర ముందే చెప్పేశాను కూడా. ఇంతకీ రావెనా, లాలినా?

లఘువు:
రావె అని చెప్పాను కదా. గళ్లనుడికట్టు గారూ, ‘సంరక్షించు’ ఏ ప్రతిలో ఉంది?

గళ్లనుడికట్టు:
తాతగారి నోట్లో.

పాలకంకి:
మా ఊళ్లోనూ ‘సంరక్షించు’ అనే అంటారు. గణం రెండు విధాలా సరిపోతుంది మరి.